హైదరాబాదు పురమందిరము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను కాను. బడి చదువు ముగిసినది మొదలు నా కాలమంతయు ఊరి లెక్కలలోనే గడచినది. సర్వే నంబర్లు, విస్తీర్ణములు, శిస్తులు, బకాయిలు, ఇవియే నేనెరిగిన శాస్త్రము. రాత్రివేళ నిఘంటువు ప్రక్కన పెట్టుకొని భారత భాగవతములు చదువుకొంటిని. కావున ఈ ప్రసంగమున పాండిత్యము తక్కువగను, లెక్క ఎక్కువగను ఉండును. పెద్దలు మన్నింతురు గాక.

విషయమును నన్నే ఎన్నుకొనుమనిరి. నేనొక భవనమును గూర్చి చెప్పదలచితిని. అది మన రామగిరిది కాదు, హైదరాబాదుది. పబ్లిక్ గార్డెన్సును ఆనుకొని, శాసనసభా ప్రాంగణములో గుమ్మటములతో తెల్లగా మెరయుచుండు పాత భవనమును మీలో చాలమంది చూచియుందురు. చూడనివారు పత్రికలలో బొమ్మనైనను చూచియుందురు. దాని మొదటి పేరు టౌన్ హాలు. మన భాషలో పురమందిరము.

రజతోత్సవమునాడు ఎక్కడి భవనమో ఎందులకని మీరడుగవచ్చును. కారణము గలదు. మన గ్రంథాలయపు ముందు హాలును దుకాణమునకు అద్దెకిచ్చి, ఆ సొమ్ముతో ఖర్చులు వెళ్లబుచ్చవలెనని కొందరు సభ్యులు అనుచున్నారు. ఆ హాలు చదువరులకును సభలకును విడిచి ఉంచవలెనని మరికొందరు అనుచున్నారు. ఇరువురును గ్రంథాలయపు మేలు కోరినవారే. ఈ మాట తేలకముందు, ఒక పురమందిరము ఎట్లు పుట్టినది, ఎవరి చేతులలోనికి పోయినది, తుదకు ఎవరిదైనది అని విచారించుట మనకు ఉపకరించునని తోచినది.

మొదట సభ అను మాటను చూతము. భారతములో ఒక పర్వమునకే సభాపర్వమని పేరు. దానిని తెనిగించినవాడు ఆదికవి నన్నయ భట్టారకుడు. అందులో ముఖ్యముగా రెండు సభలు వచ్చును. ఇంద్రప్రస్థమున మయుడు నిర్మించినది ఒకటి. నేల నీరుగను, నీరు నేలగను తోపజేసి దుర్యోధనుని భ్రమపెట్టినది అదియే. రెండవది జూదము కొరకు ధృతరాష్ట్రుడు హస్తినాపురమున కట్టించినది. దానికి వేయి స్తంభములు, నూరు ద్వారములు ఉండవలెనని రాజాజ్ఞ యైనట్లు సంస్కృత భారతము చెప్పుచున్నది. ఆ నూరు ద్వారముల సభలోనే ద్రౌపది ఒక్క ప్రశ్న అడిగినది. భీష్మ ద్రోణాదులు కూర్చుండియు దానికి తెగిన సమాధానము రాలేదు. వయసున చిన్నవాడైన వికర్ణుడు మాత్రము లేచి న్యాయము పలికెను. వానిని కర్ణుడు కసరి కూర్చుండబెట్టెను. శిల్పమునకు లోటులేని సభలో మాటకు చోటు లేకపోయినది. ఈ సంగతిని మనసున పెట్టుకొని హైదరాబాదునకు పోవుదము.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టు 17న జన్మించెను. ఆయనకు నలువది ఏండ్లు నిండిన సందర్భమున, 1905లో, నగర ప్రజలు ఆయన గౌరవార్థము ఒక పురమందిరమును నిర్మింప సంకల్పించిరి. 1866కు నలువది కూడిన 1906 కావలెను గదా, 1905 ఎట్లయినదని లెక్క తెలిసినవారు అడుగుదురు. ముసల్మానుల హిజ్రీ సంవత్సరము చంద్రుని బట్టి నడచును. అది మనము వాడు ఇంగ్లీషు సంవత్సరము కంటె సుమారు 11 దినములు తక్కువ. నలువది ఏండ్లలో ఆ తక్కువ పదునాలుగు నెలలకు పైబడును. కావున హిజ్రీ లెక్కను ఆయనకు నలువది 1905లోనే నిండినవి.

ఈ మందిరమునకు కావలసిన ధనము ప్రజల విరాళములుగా వచ్చినది. పేరు రాజుది, సొమ్ము ప్రజలది. ఈ మాట గుర్తుంచుకొనుడు, మరల దీని దగ్గరకు వత్తును.

పని సాగుచుండగనే నగరమునకు గొప్ప ఆపద వచ్చినది. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలకు వేలు జనులు ప్రాణములు కోల్పోయిరి. ఇండ్లు కూలినవి, వంతెనలు దెబ్బతిన్నవి. అట్టి కాలమున కూడ ఈ పని విడువబడలేదు. 1911 ఆగస్టులో మహబూబ్ అలీఖాన్ మరణించెను. ఎవరి జన్మదినము పేర భవనము తలపెట్టబడినదో, ఆయన దాని పూర్తి రూపమును చూడనే లేదు. ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీఖాన్ రాజ్యమునకు వచ్చిన పిదప, 1913లో, నిర్మాణము ముగిసినది. ఎనిమిది ఏండ్ల పని. ఒక రాజు కాలమున మొదలై, మరియొక రాజు కాలమున ముగిసి, ఆ మీద రాజులే లేని కాలమునకు ఉపయోగపడినది.

ఇక దాని రూపము. దీని పద్ధతిని సారసెనిక్-రాజస్థానీ పద్ధతి అందురు. పెద్ద పేరే గాని భావము సులభము. గుమ్మటము, కమాను, ఇవి తురుష్క దేశముల నుండి వచ్చిన నిర్మాణ రీతికి గుర్తులు. నాలుగు సన్నని స్తంభముల మీద గొడుగువలె నిలుచు ఛత్రి, గోడనుండి ముందునకు సాగు చూరు, అంచున చిన్న చిన్న వంపులు తీర్చిన కమాను, ఇవి రాజపుత్రుల కోటలలోను మేడలలోను కనబడును. ఈ రెండును ఒక్క గోడమీద కలసికొన్నవి. రెండు అంతస్తులు, చుట్టును కమానుల వరుసలు, పైన గుమ్మటములు, వాని నడుమ చిన్న ఛత్రులు, అంతయు తెలుపు. ఎండ పడినప్పుడు కమానుల లోపలి నీడయు, వెలుపలి తెల్లదనమును ఒకదానినొకటి ఎత్తి చూపును.

చూడముచ్చట కొరకు మాత్రమే ఇవి ఇట్లు లేవు. ఎత్తయిన కప్పు వేడిగాలిని పైకి పోనిచ్చును. వెడల్పైన వసారా ఎండను లోపలి గోడ తాకనీయదు. విద్యుత్తు పంకాలు లేని రోజులలో నూరుగురు కూర్చుండు హాలునకు ఇది అవసరము. మన ప్రాంతపు ఎండలు ఎరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

కమానును గూర్చి ఒక మాట చెప్పి తీరవలెను. దూలము వేసిన ద్వారమున బరువంతయు ఆ ఒక్క దూలమే మోయును. అది విరిగిన ద్వారము కూలును. కమానులో అట్లు కాదు. ప్రతి రాయి ప్రక్క రాతిని ఒత్తును. ఆ ఒత్తిడి ఒకదాని నుండి ఒకదానికి దిగి, ఇరుప్రక్కల స్తంభములకు చేరి, నేలలోనికి పోవును. కట్టునప్పుడు క్రింద కొయ్య ఆధారము పెట్టుదురు. నడినెత్తిన తుది రాయి బిగించిన పిదప ఆ కొయ్యను తీసివేయుదురు. అప్పటినుండి పైబరువే రాళ్లను కలిపి ఉంచును. చందాలతో నడచు సంస్థలు కూడ ఇట్లే నిలుచును. ఒక్క ధనవంతుని దూలము మీద నిలిచినది ఆయనతో కూలును. నలుగురు ఒకరినొకరు ఒత్తుకొని నిలిచినది నిలుచును.

భవనము పూర్తియైనది. కాని భవనము వేరు, సభ వేరు అని భారతము మనకు చెప్పినది గదా. రాజుల కాలపు హైదరాబాదులో తెలుగువారి మాటకు చోటెంత?

పురమందిరమునకు నాలుగేండ్లు ముందుగా, 1901 సెప్టెంబరు 1న, అదే నగరములో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు మున్నగువారు పూనుకొని, రంగారావుగారి యింటిలో దానిని ప్రారంభించిరి. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసినది. గుమ్మటములు లేని ఈ చిన్న గదులలో తెలుగు పుస్తకములు, తెలుగు పత్రికలు దొరకెను. నాడు రాజ్యములో అధికార భాష ఉర్దూ. కచేరీలో తెలుగున అర్జీ చెల్లదు. అట్టి దినములలో గ్రంథాలయములే తెలుగువారి పురమందిరములు.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని నాటకశాలయందు ఒక సంఘసంస్కరణ మహాసభ జరిగినది. మహర్షి కార్వే అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ భాషలలో మాటలాడినవారిని సభ విన్నది. న్యాయవాది ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడ మొదలిడగా, కొందరు చప్పట్లు కొట్టి అల్లరిచేసి వారిని మాటలాడనీయలేదు. ఆ అవమానము నుండియే ఆంధ్రజన సంఘము పుట్టినది. తరువాతి కాలమున 53వ నంబరు గస్తీ అను ఉత్తరువు సభలమీద మోపబడినది. ముందుగా అనుమతి పొందనిదే సభ చేయరాదు. నగరములో మందిరము తెల్లగా నిలిచియున్నది. ఊళ్లలో నలుగురు కూడి మాటలాడుకొనుటకు మాత్రము పోలీసు అనుమతి కావలెను.

ఇదే కాలమున మన తెలుగునాట వేరొకచోట పురమందిరము వేరొక తీరున పుట్టినది. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1890లోనే టౌన్ హాలును నెలకొల్పిరి. ఆయన బడిపంతులు. తన ఊరివారు కూడి మాటలాడుటకు ఒక చోటు కావలెనని ఆయన కోరిక. ఒకచోట రాజుగారి పుట్టినదినమున కొరకు మందిరము, మరియొకచోట మాట కొరకు మందిరము. కాలక్రమమున మొదటిది కూడ రెండవదాని త్రోవకే రావలసి వచ్చినది. ఎట్లు వచ్చినదో చెప్పుదును.

1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వము అంతరించి హైదరాబాదు రాజ్యము భారతదేశమున కలిసినది. 1952లో వయోజనులందరికి ఓటు హక్కుతో ఎన్నికలు జరిగి, 175 మంది సభ్యులతో హైదరాబాదు శాసనసభ ఏర్పడినది. నాటి రాష్ట్రములో తెలుగు, మరాఠీ, కన్నడ సీమలు మూడును ఉండెను. ఆ మూడు సీమల ప్రతినిధులును ఒక్క సభలో కూడిరి. పుర ప్రజలు రాజునకై కట్టిన మందిరము ప్రజాప్రతినిధుల సభాభవనమైనది. ఆంధ్రజన సంఘమును స్థాపించినవారిలో ఒకరైన బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. 1921లో తెలుగు మాటను అల్లరిపెట్టిన నగరమున, 1952లో తెలుగువాని మాట సభయందు చట్టమై వెలువడినది. ముప్పది యొక్క ఏండ్లలో ఇంత మార్పు.

ఏమి చట్టములు చేసిరని మీరడుగుదురు. రెంటిని మాత్రము చెప్పుదును. రెండును మన ఊరివరకు వచ్చినవే. మొదటిది భూమికి సంబంధించినది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టమును ఆ శాసనసభ 1954లో సవరించినది. రక్షిత కౌలుదారు అను మాట పాత రికార్డులలో మీలో కొందరి తాతల పేర్ల ప్రక్కన ఉన్నది. దున్నినవానికి ఆ నేలమీద హక్కు కలదని కాగితము మీదికి ఎక్కించిన మాట అది.

రెండవది గ్రంథాలయములకు సంబంధించినది. స్వతంత్ర భారతమున మొదటి గ్రంథాలయ చట్టము 1948లో మద్రాసున వచ్చినది. తరువాతిది హైదరాబాదు గ్రంథాలయ చట్టము, 1955లో వచ్చినది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత శాసనసభకు తొలి సభాపతి యైనవారు అయ్యదేవర కాళేశ్వరరావుగారు. లక్ష్మణరావుగారితో కలసి విజ్ఞానచంద్రికా మండలి పనిలో పాల్గొని, తెలుగువారికి మంచి పుస్తకములు అందజేసినవారే వారు. పుస్తకముల మనిషి సభకు పెద్ద యయ్యెను. 1960లో మద్రాసు, హైదరాబాదు చట్టముల స్థానమున రాష్ట్రమంతటికి ఒక్క గ్రంథాలయ చట్టము వచ్చినది. మీరు చెల్లించు ఇంటిపన్నుపై రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ పన్ను చేరుట ఆ చట్టము వలననే. రసీదులో ఆ అంకెను చూచి ఇది ఎక్కడిదని అడిగినవారు ఈ సభలో ఉన్నారు. ఇదిగో, దాని పుట్టినిల్లు చెప్పితిని. మనది చందాలతో నడచు గ్రంథాలయమైనను, గ్రంథాలయము ఊరికి అవసరమని చట్టము చేత ఒప్పించిన మందిరము మనకు బంధువే.

సభ్యులు పెరిగి చోటు చాలక, 1980ల దశకమున ప్రక్కనే కొత్త సభాభవనము కట్టిరి. పాతదాని గుమ్మటములను, కమానులను అనుసరించియే దానిని తీర్చిరి. రెంటి మధ్య తేడా దూరమునకు తోపదు. ఆ ప్రాంగణమున ధ్యానమున కూర్చుండిన గాంధీజీ విగ్రహము కలదు. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడగా అది తెలంగాణ శాసనసభా ప్రాంగణమైనది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2017లో అమరావతి ప్రాంతపు వెలగపూడికి తరలిపోయినది. హైదరాబాదు రాష్ట్రము, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మూడు రాష్ట్రముల చరిత్ర ఆ గోడల నడుమ నడచినది.

అదే తోటలో జూబిలీ హాలు అని మరియొక మందిరము కలదు. ఏడవ నిజాము రజతోత్సవమును బట్టి దానికి ఆ పేరు. ఆ ఉత్సవము 1937లో జరిగినది. రాజు ఇరువది ఐదేండ్లు ఏలినందుకు ఆ రజతోత్సవము. మన రజతోత్సవము ఇరువది ఐదేండ్లు పుస్తకములు చేతులు మారినందుకు. నాకు ఇదియే ఘనమైనదిగా తోచుచున్నది.

ఇప్పుడు నా వృత్తి మాట ఒకటి చెప్పనిండు. పాత పహాణీలలో ప్రతి సర్వే నంబరునకు ఎదురుగా రెండు గడులు ఉండెడివి. ఒకటి పట్టాదారు పేరు, రెండవది అనుభవదారు పేరు. పట్టా ఒకరిది, అనుభవము మరొకరిది అగుట కద్దు. ఏటేట ఎవరు దున్నిరి, ఏమి పండించిరి అని అనుభవపు గడి చెప్పును. ఏండ్ల తరబడి అనుభవము ఒక్కచేతనే ఉన్నయెడల పట్టాకే ప్రశ్న పుట్టును. హైదరాబాదు పురమందిరమునకు నేను పహాణీ వ్రాయవలసివచ్చిన, 1913లో పట్టాదారు గడిలో రాజు పేరు వ్రాసియుందును. సొమ్మిచ్చిన ప్రజల పేరు ఏ గడిలోను పట్టదు. 1952 మొదలు అనుభవదారు ప్రజలు. నేడు ఆ భవనము ఎవరిదని బడిపిల్లవాని నడిగినను ప్రజలదే అనును. పట్టాను మార్చినది ఏ ఒక్క కాగితమో కాదు. అందులో కూర్చుండి మాటలాడిన అనుభవము.

మన గ్రంథాలయమునకు ఈ లెక్కను అన్వయింతము. స్థలము ఇచ్చినవారు కలరు. ఇటుకలు, సున్నము ఇచ్చినవారు కలరు. వారికి నమస్కారము. కాని అనుభవపు గడిలో ఎవరి పేరు వ్రాయవలెను? మొదటి షిఫ్టు ముగించుకొని, స్నానము చేసి, పత్రిక చదువ వచ్చు గని కార్మికుని పేరు వ్రాయవలెను. పోటీ పరీక్షలకై సాయంకాలము దీపము క్రింద కూర్చుండు ఆడపిల్ల పేరు వ్రాయవలెను. చూపు మందగించి, ప్రక్కవాని చేత భాగవతము చదివించుకొను ముదుసలి పేరు వ్రాయవలెను. ముందు హాలు దుకాణమైన, ఈ ముగ్గురును వెనుక గదిలో బీరువాల నడుమ నిలువబడవలెను. అద్దె వచ్చును, నిజమే. ఏటేట అనుభవపు గడిలో దుకాణదారుని పేరు పడును. మరి ఇరువది ఐదేండ్లకు అది ఎవరిదని అడిగిన ఏమి చెప్పుదుము?

ఇంకొక భయము కూడ నాకు కలదు. మనది బొగ్గు సీమ. ఓపెన్ కాస్టు గనులకై పొలములును, కొన్నిచోట్ల ఊళ్లును లేచిపోయిన సీమ. సర్వే నంబర్లు వ్రాసిన చేతితోనే నేలకు సెలవు వ్రాయుట నావంటి వృత్తివారికి తప్పలేదు. ఇల్లు పోయినయెడల గోడలు కొలిచి, కప్పు కొలిచి పరిహారము కట్టుదురు. ఆ అరుగుమీద నలుగురు కూడి మాటలాడుకొన్న వాడుకకు ఏ పట్టికలోను గడి లేదు. ఊరు తరలిన తరువాత కూడ ఆ వాడుక గలవారు కొత్తచోట మరల కూడుకొందురు. అది లేనివారు పునరావాస కాలనీలో ప్రక్కప్రక్క ఇండ్లలో ఉండియు ఒంటరులగుదురు. మన హాలును మనము కాపాడుకొనుట ఇటుకల కొరకు కాదు, ఈ వాడుక కొరకు.

ఖర్చులకు త్రోవ చూపక ఉపదేశము చేయుట లెక్కలవానికి తగదు. నెలకు పది రూపాయలు నూరుగురు ఇచ్చిన వేయి రూపాయలగును; ఏడాదికి పండ్రెండు వేలు. రెండువందలమంది ఇచ్చిన దానికి రెట్టింపు. ఒక్కరి మీద బరువు పడదు. కమానులోని రాళ్లవలె పంచుకొందము. ఆ చందా వసూలునకు నేను ఇంటింటికి తిరుగుదును. వసూలు పని నాకు కొత్త కాదు. ఈసారి మాత్రము జనము నన్ను చూచి తలుపు వేసికొనరని ఆశ.

మరియొక విన్నపము. రెండవ షిఫ్టునకు పోవువారికి ఉదయమును, మొదటి షిఫ్టువారికి సాయంకాలమును హాలు తెరచి ఉండవలెను. నెలకొక దినము అక్కడ ఊరి సభ జరుగవలెను. ఆ సభలో మొదటి మాట పెద్దలది కాక, వెనుక కూర్చుండినవారిది కావలెను. వికర్ణుడు లేచినప్పుడు కసరి కూర్చుండబెట్టు కర్ణుడు మన హాలులో ఉండరాదు. అంతియే నా కోరిక.

ముందు హాలు విషయము తీర్మానమునకు వచ్చినప్పుడు మీరందరును వచ్చి, చేయి ఎత్తక మునుపు ఒక్క పర్యాయము ఆ గదిలో బల్లమీద కూర్చుండి, ఎవరెవరు వచ్చిపోవుచున్నారో చూచి రండు. అటుపిమ్మట మీకు తోచినట్లు నిర్ణయింపుడు.